ఎగరడం కంటే దిగడం ముఖ్యం!

పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడిందంటే చాలు... నల్లగొండ, పాలమూరు మైదానాలు తెల్లవారకముందే నిండిపోతాయి. దేహదారుఢ్య పరీక్షలంటే పరుగొక్కటే కాదు, లాంగ్‌జంప్ కూడా ఉంటుంది మరి. 2022 డిసెంబరులో మొదలైన పరీక్షల్లో అర్హతకు అబ్బాయిలు 4 మీటర్లు, అమ్మాయిలు 2.5 మీటర్లు దూకాల్సి వచ్చింది. ఉన్న కొద్ది వారాల్లోనే దూరం పెంచుకోవాలన్న తొందరలో కొందరు గోడల మీంచి, మెట్ల మీంచి దూకడం మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే!

గెంతులతో కాళ్లకు చురుకు తెచ్చే ఈ సాధనను ప్లయోమెట్రిక్స్ అంటారు. 1960ల్లో సోవియట్ కోచ్ యూరీ వెర్హోషాన్‌స్కీ దీన్ని ఓ పద్ధతిగా మలిచారు. సూత్రం సులువే. పాదం నేలను తాకగానే కండరం రబ్బరులా సాగుతుంది. వెంటనే మళ్లీ ఎగిరితే ఆ సాగుడులోని శక్తి గెంతుకు తోడవుతుంది. పల్లెల్లో పిల్లలు ఆడే తొక్కుడుబిళ్లలో ఉన్నదీ ఇదే.

అయితే దిగేటప్పుడు ఒంటి బరువుకు కొన్ని రెట్ల భారం కాళ్ల మీద పడుతుంది. కండరం వారాల్లో బలపడుతుంది. దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండాన్‌కు మాత్రం నెలలు పడుతుంది. కాళ్లలో బలం వచ్చినట్టే ఉంటుంది కానీ, లోపలి కట్టు ఇంకా సిద్ధం కాదు. అనుభవజ్ఞులకే గాయాలు తప్పవు. ఆసియా క్రీడల్లో లాంగ్‌జంప్ రజతం గెలిచిన మురళీ శ్రీశంకర్, 2024 ఏప్రిల్‌లో సాధన చేస్తుండగా మోకాలికి గాయమై పారిస్ ఒలింపిక్స్‌కు దూరమయ్యాడు.

అందుకే ముందు దిగడం నేర్చుకోవాలి. జానెడు ఎత్తు మెట్టు మీంచి దిగి, కదలకుండా రెండు క్షణాలు నిలబడాలి. మోకాళ్లు వంగాలి, లోపలికి మాత్రం వాలకూడదు. అమ్మాయిలు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. పాదాల చప్పుడు ఎంత తక్కువైతే అంత మంచిది. ఇది కుదిరాక ఉన్నచోటే రెండు కాళ్ల గెంతులు, ఆ తర్వాత ముందుకు వరుస గెంతులు. ఒంటికాలి గెంతులు ఇంకా తర్వాత. ఎత్తు నుంచి దూకి వెంటనే ఎగరడం అన్నిటికన్నా ఆఖర్న... అదీ గుంజీలతో తొడలు గట్టిపడ్డాకే.

కొత్తవాళ్లు ఒక పూటకు 80 నుంచి 100 గెంతులు దాటకూడదు. వారానికి రెండు రోజులు చాలు. మధ్యలో కనీసం 48 గంటల విశ్రాంతి ఉండాలి. ఎత్తూ, లెక్కా ఒకేసారి పెంచకూడదు. గట్టి మొరం నేల, సిమెంటు గచ్చు వద్దు, గడ్డినేల మేలు. ఇసుక గుంతను ముందుగా తవ్వి వదులు చేసుకోవాలి. మర్నాటికీ నొప్పి తగ్గకపోతే గెంతులు ఆపేయాలి. మోకాలు వాచినా, నడకలో పట్టు తప్పినా ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే.

ఇన్ని మెట్లు ఎక్కడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కాబట్టి నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ముందే మొదలుపెట్టడం మంచిది. పరీక్ష రోజున కుంటకుండా మైదానంలోకి వెళ్లగలిగితేనే కదా... ఆ నాలుగు మీటర్లు!