హలాల్ సొమ్ము ఎంతవరకో ఇల్లు అంతవరకే

చలి తగ్గి ఎండ ముదరకముందు వచ్చే కొద్ది వారాలు ఇంటి మరమ్మతులకు అనుకూలమైన కాలం. రమజాన్ రాకముందే ఇల్లు చక్కబెట్టుకోవాలనే తలంపు తోడైతే షాబాన్ నెలలో ప్రతి వీధిలోనూ ఇసుక కుప్పలే కనబడతాయి. సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలి స్లాబులోని ఇనుమును తినివేస్తుంది. మా నారాయణఖేడ్ ప్రాంతంలో సముద్రం లేదు. ఇక్కడ రాళ్లను మట్టితో పేర్చి కట్టిన గోడలు, కర్ర దూలాలమీద మట్టి పరిచిన మిద్దెలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటికి వాన ఒక శత్రువు, చెదలు మరొక శత్రువు. ప్రాంతం ఏదైనా సామాన్య కుటుంబానికి ఎదురయ్యే చిక్కు మాత్రం ఒక్కటే. ఇల్లు ఖాళీ చేసి మరోచోట ఉండే స్తోమత లేదు. ఒకవైపు గోడ పడగొడుతూ ఉంటే మరోవైపు వంట చేసుకోవాలి.

ఈ సంవత్సరం మా ఇంట్లోనూ అదే పరిస్థితి. మూడు గదుల సామాను ఒకే గదిలోకి చేరింది. బియ్యం డబ్బామీద పుస్తకాలు, పుస్తకాలమీద పరుపులు. ఇంటర్ పరీక్షలకు సిద్ధమవుతున్న అబ్బాయి మసీదు వరండాలో కూర్చుని చదువుకున్నాడు. తాగే నీటిమీద మూత, మూతమీద గుడ్డ కప్పినా దుమ్ము ఆగలేదు. మా అత్తగారికి ఉబ్బసం. పలుగు దెబ్బ వినిపించినప్పుడల్లా ఆమెను పక్కింటివారు తమ అరుగుమీదికి పిలిచి కూర్చోబెట్టుకునేవారు. మరమ్మతు భారం లెక్కల పుస్తకంలో కనిపించేదానికంటే ఇంట్లోని స్త్రీలమీద, వృద్ధులమీద ఎక్కువగా పడుతుందని నాకు అర్థమైంది.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. మిద్దె విప్పగానే దూలాలలో సగం చెదలు తినేసినట్టు మేస్త్రీ చూపించాడు. మూడు గదులకని దాచుకున్న సొమ్ము రెండు గదులకే సరిపోయేలా ఉంది. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు ఇచ్చేందుకు ఒకరు సిద్ధంగా ఉన్నారు. “పండుగకు నలుగురు వచ్చే ఇల్లు, ముందు గది అలా వదిలేస్తే ఏమనుకుంటారు?” అని బంధువుల మాట. మా వారు రెండు రోజులు మౌనంగా ఉన్నారు. ఆ రెండు రోజులూ నా మనస్సు కాబా గృహ పునర్నిర్మాణ వృత్తాంతం చుట్టూనే తిరిగింది.

క్రీ.శ. 605 ప్రాంతంలో, దైవప్రవక్త ముహమ్మద్ (స)కు సుమారు ముప్పయి అయిదేళ్ల వయస్సులో, వరదతాకిడికి దెబ్బతిన్న కాబా గృహాన్ని తిరిగి కట్టాలని ఖురైషులు పూనుకున్నారు. అప్పటివరకు దానికి పైకప్పు లేదు. జిద్దా తీరానికి కొట్టుకువచ్చి పగిలిన ఒక నౌక కలపను కొనితెచ్చి పైకప్పుకు వాడారు. ఈ నిర్మాణంలో వడ్డీ సొమ్ము గాని, వ్యభిచారపు సంపాదన గాని, ఒకరికి అన్యాయం చేసి గుంజుకున్న ధనం గాని కలపరాదని వారు ముందుగానే నియమం పెట్టుకున్నారు. ధర్మబద్ధమైన సొమ్ము సరిపోలేదు. అందువల్ల హజ్రత్ ఇబ్రాహీం (అ) వేసిన పునాదిలో ఆరేడు మూరల మేర నిర్మాణం వెలుపల వదిలి, హద్దు తెలిసేలా పొట్టిగోడ నిలిపారు. అదే నేటి హతీం. ఈనాటికీ తవాఫ్ చేసేవారు దాని వెలుపలినుంచే తిరుగుతారు.

ఆలోచించి చూడండి. అప్పటికి ఖుర్ఆన్ అవతరించలేదు. ఆ సమాజంలో వడ్డీ బహిరంగంగా నడిచేది. అయినా అల్లాహ్ గృహానికి మాత్రం అది తగదని వారి అంతరాత్మ చెప్పింది. గృహం చిన్నదైనా ఫరవాలేదనుకున్నారే గాని, సొమ్ములో మైలను అంగీకరించలేదు. వడ్డీ నిషేధం స్పష్టంగా తెలిసిన మనం, మన పిల్లలు నిద్రించే ఇంటి విషయంలో అంతకంటే తక్కువ పట్టుదల చూపడం న్యాయమా?

ఇదే వృత్తాంతంలో రెండో పాఠమూ ఉంది. అంత నిష్ఠతో కట్టినవారే, తాము కోరినవారిని మాత్రమే లోనికి రానివ్వడానికి ద్వారాన్ని ఎత్తుగా పెట్టుకున్నారు. అంటే సొమ్ము శుద్ధి ఒక్కటే చాలదు, ఇంటి తలుపు వెనుకనున్న మనస్సూ శుద్ధి కావాలి. పక్కింటివారికి దుమ్ము, చప్పుడు ఎంత తగ్గిస్తున్నాం? కూలీకి సాయంత్రమే సొమ్ము ఇస్తున్నామా? శ్రామికుని కూలి ఆలస్యం చేయరాదని దైవప్రవక్త (స) గట్టిగా ఉద్బోధించారు. వడ్డీ మానుకుని కూలి బాకీ పెడితే ఆ ఇంటికి శుభం ఎక్కడిది?

మేము చివరకు ఇలా నిశ్చయించుకున్నాం. మేస్త్రీకి, కూలీలకు ఇవ్వవలసిన సొమ్ము ముందుగా వేరు చేశాం. మిగిలినదానితో అత్తగారి గది, ఆ తర్వాత వంటగది. ముందు గదిలో పుచ్చిన దూలాలు దించేసి రేకులు వేయించాం. గోడలకు పూత లేదు, కింద షాబాద్ బండలూ లేవు. ఇఫ్తార్‌కు వచ్చినవారు అక్కడే చాపలమీద కూర్చున్నారు. అడిగినవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాం.

ఈద్ తర్వాత పని ప్రారంభించబోయే సోదరీసోదరులకు కొన్ని మాటలు. పాత మిద్దె అయితే ఒక మూల విప్పి లోపలి స్థితి చూసిన తర్వాతే ఖర్చు అంచనా వేయించండి. గోడ పడగొట్టేముందు నీళ్లు చల్లితే దుమ్ము చాలా తగ్గుతుంది. పండుగ దగ్గరపడిందని స్లాబు తడపడం మధ్యలో మానకండి, కనీసం ఏడు రోజులు, ఎండలు ముదిరితే పది రోజులైనా దానిని తడిగా ఉంచాలి. సొమ్ము చాలకపోతే బంధుమిత్రులలో వడ్డీలేని ఖర్జె హసన్ అడగడంలో నామోషీ లేదు. అయితే అప్పును, గడువును రాసుకోమన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని దగ్గరివారి మధ్యకూడా పాటించండి. అదీ దొరకకపోతే ఇంట్లో అందరికంటే బలహీనులు ఎవరో వారి గదితో మొదలుపెట్టి, సొమ్ము ముగిసినచోట ఆగండి. మిగిలినది వచ్చే సంవత్సరం చూసుకోవచ్చు.

అల్లాహ్ మన ఇళ్లకు శుభాన్ని, మన సంపాదనకు శుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.