పంపే ముందు వినాలి

రంగూన్ మన గోదావరి జిల్లాలవాళ్ళకు పరాయి పేరు కాదు. పొట్ట చేతబట్టుకుని కాకినాడలో ఓడెక్కి, అక్కడి రేవులో మూటలు మోసిన తెలుగువాళ్ళను బర్మావాళ్ళు మన కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అని పిలిచారు. 1930 మే నెలలో రేవు పని దగ్గర మొదలైన తగాదా అల్లర్లుగా మారి ఆ కూలీలు చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాను సైన్యం వస్తే వేలమంది అరకాన్ కొండల మీదుగా కాలినడకన పారిపోయి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు పోగా, మిగిలినవాళ్ళకు రావడానికి ఒక దేశమంటూ ఉంది.

అదే అరకాన్‌లో పుట్టిన రోహింగ్యాలకు అదీ లేదు. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం వాళ్ళను తన జనంగా లెక్కించలేదు. 2017 ఆగస్టు తరవాత సైన్యం ఊళ్ళు తగలబెడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందే వచ్చిన కొన్ని వేలమంది మన హైదరాబాదులో, బాలాపూర్ వైపు గుడిసెలు వేసుకున్నారు.

ప్రాణం పోయే చోటికి మనిషిని తిరిగి నెట్టకూడదని 1951 శరణార్థుల ఒడంబడిక అంటుంది. దాని మీద మన దేశం సంతకం చేయలేదు. సరే. కాని మన రాజ్యాంగం 21వ అధికరణంలో ‘పౌరుడు’ అనలేదు, ‘వ్యక్తి’ అంది. ఆ మాట పట్టుకునే 1998లో గుజరాత్ హైకోర్టు ఇరాకీ శరణార్థులకు, 2021 మే 3న మణిపూర్ హైకోర్టు బర్మా నుంచి వచ్చిన ఏడుగురికి రక్షణ ఇచ్చాయి. అయితే అంతకు నెల ముందు, ఏప్రిల్ 8న, జమ్మూలోని రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు వేరే దారి పట్టింది. నిర్ణీత విధానం ప్రకారం తప్ప పంపవద్దంది. మరో దేశంలో జరిగేదాని గురించి తాము వ్యాఖ్యానించలేమనీ అంది. గౌరవంతోనే అంటున్నాను, ఇది నాకు మింగుడుపడదు. వచ్చినవాడి మొర అంతా ఆ మరో దేశం గురించే కదా!

మా కొల్లేటి సంగతే చూడండి. 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. మంచో చెడో అది వేరే కథ. మా ఇళ్ళలో ఇప్పటికీ ఆ మాటెత్తితే అన్నం సహించదు. కాని దానికి 1999 నాటి 120వ నంబరు జీవో ఉంది, కాంటూరు గీత ఉంది. గీత తప్పు, కొలత తప్పు, ఇది మా జిరాయితీ అని కోర్టుకెక్కి వాదించే దారి ఉంది. మట్టిగట్టుకున్న ఆ పాటి దారి మనిషికి లేకపోయింది. శరణు కోరినవాడి మాట విని, ఔననో కాదనో కారణాలు రాసే అధికారి మన చట్టంలో లేడు. 1946 విదేశీయుల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినా ఆ ఖాళీ పూడలేదు. కారణాలు రాసిన ఉత్తర్వే లేకపోతే న్యాయసమీక్ష దేన్ని సమీక్షించాలి? పరిశీలనల పట్టిక వదిలేసి ఫలితం రాస్తే మా ల్యాబులో రికార్డు మొహాన కొడతారు.

తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చే మిత్రుడొకడు “మనకే గతి లేదు, ఊళ్ళోవాళ్ళందర్నీ మేపుతావట్రా?” అంటాడు. మేపమనడం లేదు. దేశభద్రతకు ముప్పయితే ఈ రక్షణ ఉండదని గుజరాత్ తీర్పే చెప్పింది. నేనడిగేది ఇంతే: ఒక అధికారి కూచోబెట్టి వినాలి, కాదంటే ఎందుకో రాసివ్వాలి, హైకోర్టుకు వెళ్ళడానికి నెల గడువివ్వాలి, ఆ నెలలోపల సరిహద్దు దాటించకూడదు.