గుడారంలో గాయని

ఒక్క పాటతో లోకప్రసిద్ధి పొందిన కవిని ఆ ఒక్క పాటతోనే కొలవడం విమర్శకుల సోమరితనం. చిలీ గాయని వియొలేతా పార్రా (1917-1967) పట్ల జరుగుతున్నది ఇదే. జీవితానికి కృతజ్ఞత తెలిపే ఆమె 1966 నాటి గీతం 'గ్రాసియాస్ ఆ లా విదా'ను మెర్సెదెస్ సోసా కంఠాన విని ముగ్ధులైనవారు కోకొల్లలు. దాని వెనుకనున్న దేశసంచారాన్ని ఎరిగినవారు బహుకొద్ది.

నగరంలోని పానశాలల్లో స్పెయిన్ బాణీలు పాడి పొట్టపోసుకొనే ఆమెను పల్లెపాటల వైపు మరల్చినవాడు అన్నగారు, కవి నికానోర్. 1950 దశకంలో ఆమె గిటారు చేతబట్టి ఊరూరా తిరిగింది. ముదుసలి రైతుల నోట మిగిలిన పాటలను వ్రాసుకొన్నది, వల్లె వేసింది. వారితోపాటే మట్టిలో కలసిపోవలసిన పాటలవి! ఈ శ్రమయే ఆమె అసలు కావ్యమనడం అతిశయోక్తి కాదు.

1964లో పారిస్‌లోని లూవ్ర్ ప్రాసాదంలో ఆమె కుట్టుపని చిత్రాల ప్రదర్శన జరిగింది. సొంతగడ్డ మీద మాత్రం, 1965లో సాంటియాగో శివారున జానపద కళల కోసం ఆమె వేసిన గుడారానికి జనం కరువైనారు. 1967 ఫిబ్రవరిలో ఆమె అక్కడే ప్రాణం తీసుకొన్నది. ఆమె ప్రోత్సాహం పొందిన యువగాయకుడు విక్తోర్ హారా ఆ బాటనే నడిచాడు. 1973లో సైనికులు చంపివేసేదాకా పాడుతూనే ఉన్నాడు.