అభావము సున్న కాదు

పదవీ విరమణానంతరం లభించిన తీరికలో, ఒకప్పుడు నేను పిల్లల మార్కులు వ్రాసుకొన్న పాత నోటుపుస్తకాలను కంప్యూటరులో భద్రపరచ సంకల్పించాను. మా మనుమరాలు గో భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసిపెట్టింది. నేను ఎక్కించిన వివరాలు జేసన్ రూపంలో నిలువ ఉంటాయి. ప్రోగ్రాము వాటిని చదివి ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పట్టిక తయారుచేస్తుంది.

ఒకనాడు ఒక పట్టిక చూచి ఉలిక్కిపడ్డాను. తరగతిలో ఎప్పుడూ ముందుండే ఒక బాలికకు అర్ధసంవత్సర పరీక్షలో తెలుగున సున్న! నోటుపుస్తకం తెరిస్తే అక్కడ నా చేతివ్రాతతోనే 'గైరుహాజరు' అని ఉన్నది. ఆ వారం ఆమె టైఫాయిడ్ జ్వరంతో మంచం పట్టింది. జేసన్‌లోనూ ఆ చోట 'నల్' అనే ఉన్నది. మరి ఈ సున్న ఎక్కడినుండి వచ్చినట్లు?

"మార్కులంటే పూర్ణసంఖ్య అని కోడులో ప్రకటించాం తాతయ్యా. అందులో నల్‌కు చోటులేదు. నల్ వస్తే గో దానిని పట్టించుకోదు, తప్పని కూడా చెప్పదు. ముందునుంచీ ఉన్న సున్నే మిగిలిపోతుంది" అన్నది మనుమరాలు. ఆ ప్రకటన కూడా తాను ఆలోచించి వ్రాసినది కాదట. మొదటి విద్యార్థి వివరాలను నమూనాగా చూపితే ఒక పనిముట్టు అల్లిపెట్టిందట. ఆ విద్యార్థి అన్ని పరీక్షలూ వ్రాసినవాడు!

తర్కసంగ్రహం పదార్థాలు ఏడని చెప్పి, అభావాన్ని ఏడవదిగా లెక్కించింది. లేకపోవడం కూడా తెలుసుకోదగిన విషయమే అన్నమాట. పరీక్ష వ్రాసి సున్న తెచ్చుకోవడం వేరు, పరీక్షకే రాకపోవడం వేరు. జేసన్ ఈ భేదాన్ని చక్కగానే మోసుకొచ్చింది. దానికి రకాలను నిర్ణయించే చోటనే మనం దానిని పోగొట్టాం.

జేసన్‌ను రకాలు గల వస్తువులుగా మార్చడాన్ని చాలమంది గుమాస్తా పనిగా భావిస్తారు. అది అర్థనిర్ణయమని నా అభిప్రాయం. జేసన్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు. మాటల వరుసగానే వస్తుంది. అది తేదీ అని చెప్పవలసినవారము మనమే. ఒక్క నమూనాను చూచిన పనిముట్టుకు ఉన్నది తెలుస్తుంది గాని, ఏది లేకపోవచ్చునో తెలియదు. అది ఆ విషయమెరిగినవారికే తెలుస్తుంది. కనుక రకాలు వ్రాసేవారు ముందుగా వారిని అడగాలి. మా ఇంట్లో ఆ అడగవలసినవాణ్ణి నేనే. పక్క గదిలోనే ఉన్నాను!

అన్నింటికీ ఈ జాగ్రత్త పెడితే కోడు బరువెక్కుతుందని మనుమరాలి వాదం. నిజమే. విద్యార్థి పేరు లేకుండా వివరాలు వస్తే తప్పని చెప్పి ఆపివేయవచ్చు. లేకపోవడానికి అర్థమున్న చోట మాత్రం దానికి స్థానమివ్వక తప్పదు. మార్కులకు పూర్ణసంఖ్య బదులు పూర్ణసంఖ్యకు పాయింటరు పెట్టి, అది ఖాళీగా ఉంటే ఏమి చూపాలో ఒక్క షరతు వ్రాసింది. అంతే.

ఇప్పుడు ఆ పట్టికలో 'గైరుహాజరు' అని కనబడుతున్నది. ఆ అమ్మాయి నేడు ఎక్కడున్నదో నాకు తెలియదు. నా దగ్గర మాత్రం ఆమె పేరిట సున్న లేదు.