తొలి మదర్సా తల్లి ఒడి మాత్రమేనా?

తల్లి ఒడి బిడ్డకు తొలి మదర్సా అన్న మాట మన ఇజ్తిమాల్లో, ఇస్లాహీ సభల్లో తరచూ వింటాం. మాట మంచిదే. కానీ దాన్ని అడ్డం పెట్టుకొని తండ్రులు తమ బాధ్యత నుంచి తప్పుకోవడం శోచనీయం. సంపాదించి తేవడంతో తన పని తీరిపోయిందని, ఏడాది, రెండేళ్ళ పసివారి ఆలనాపాలన ఆడవాళ్ళ పని అని తలచే తండ్రులు మన ఇళ్ళలో అరుదేమీ కాదు. ఇంటెడు చాకిరీతో అలసిన తల్లి, బిడ్డ నాలుగు ముద్దలు తినాలని చేతిలో సెల్‌ఫోను పెడుతుంది. రాత్రి ఇల్లు చేరిన తండ్రి తన ఫోనులో తాను మునిగిపోతాడు. ఇంట్లో నలుగురున్నా ఆ పసివాడితో మాట్లాడేవారు ఉండరు.

దివ్యఖుర్ఆన్ ఈ విషయాన్ని ఇలా వదిలివేయలేదు. బఖరా సూరా 233వ ఆయతు పాలిచ్చే పూర్తి గడువును రెండు సంవత్సరాలుగా పేర్కొన్నది. ఆ కాలంలో తల్లి అన్నవస్త్రాల భారాన్ని తండ్రిపై ఉంచింది. అంతకు ముందే పాలు మాన్పించదలిస్తే ఇద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవచ్చునన్నది. తలాక్‌తో విడిపోయిన దంపతులకు సైతం ఇది వర్తిస్తుందని వ్యాఖ్యాతలు వివరించారు. పాలు మాన్పించడానికే తండ్రితో సంప్రదింపు అవసరమైనప్పుడు, ఒకే ఇంట్లో ఉంటూ బిడ్డ తిండి, నిద్ర, ఆట, మాటలతో తనకు సంబంధం లేదని ఏ తండ్రి అనగలడు?

కారుణ్యమూర్తి దైవప్రవక్త (స) ఆచరణ చూడండి. మనుమరాలు ఉమామా (రజి)ను ఎత్తుకొనే ఆయన నమాజు చేశారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు తిరిగి ఎత్తుకునేవారు (బుఖారీ, ముస్లిం). అబిసీనియా నుంచి వచ్చిన చిన్నారి ఉమ్మె ఖాలిద్ (రజి) పసుపుపచ్చ చొక్కా తొడుక్కొని తండ్రి వెంట రాగా, ఆ దేశపు భాషలోనే బాగుందని మెచ్చుకున్నారు. ఆ పాప ఆయన వీపు మీది ముద్రతో ఆడుకోబోతే తండ్రి గదమాయించారు. ఆడుకోనివ్వమన్నారు ప్రవక్త (స) (బుఖారీ). బిడ్డకు తెలిసిన మాటతో బిడ్డను పలకరించడం మన ప్రవక్త సున్నత్ అన్నమాట.

నేటి వైద్యులు చెబుతున్నదీ ఇదే. బిడ్డ ఏదో కూత పెడితే పెద్దలు బదులివ్వాలి. వేలు చూపిన వస్తువు పేరు చెప్పాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్లనే మాటలు వస్తాయి. ఫోను మాట్లాడుతుంది గాని బిడ్డకు బదులివ్వదు. రెండేళ్ళ లోపు పిల్లలను తెర ముందు కూర్చోబెట్టవద్దని, నాలుగేళ్ళ వరకు రోజుకు గంట మించరాదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఏడాది దాటిన బిడ్డకు రోజులో కనీసం 3 గంటల ఆటపాటలు, రెండేళ్ళు నిండేదాకా పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర అవసరమన్నది.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వింటే మాటలు ఆలస్యమవుతాయని కొందరు భయపడుతున్నారు. రెండు భాషలు వినడం మాటల లోపానికి కారణం కాదు. దాదీ ఉర్దూలో కథ చెప్పనివ్వండి, పక్కింటి వాళ్ళు తెలుగులో ముద్దుచేయనివ్వండి. అయితే పేరు పెట్టి పిలిచినా బిడ్డ తిరిగి చూడకపోతే, రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనలేకపోతే, మగపిల్లలకు మాటలు ఆలస్యమే అని సరిపెట్టుకోవద్దు. దుఆ చేయండి, డాక్టరుకూ చూపండి, చెవుల పరీక్ష చేయించండి. చికిత్స చేయించుకోమన్నదీ మన ప్రవక్తే (స).

మరో విషయం. ఏడుపు మాన్పడానికి 'దా, మిఠాయి ఇస్తా' అని పిలిచి ఇవ్వకపోవడం మనకు మామూలైపోయింది. ఒక తల్లి తన బిడ్డను అలాగే పిలవగా, ఏమి ఇవ్వదలిచావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అన్నదామె. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేర ఒక అబద్ధం రాయబడేదని హెచ్చరించారు (అబూదావూద్). పసివాడే కదా అని మనం అనుకుంటాం. కాని అబద్ధం ఎలా చెప్పాలో అతడు మన దగ్గరే నేర్చుకుంటున్నాడు.

తండ్రులారా! రోజుకు అరగంట చాలు. పొద్దున దుకాణానికి వెళ్ళే ముందైనా సరే, రాత్రి భోజనాల వేళైనా సరే. ఫోను అల్మారాలో పెట్టండి. బిడ్డను దస్తర్‌ఖాన్ దగ్గర పక్కన కూర్చోబెట్టుకొని, బిస్మిల్లా అని కుడిచేత్తో తినడం నేర్పండి. నాలుగు మెతుకులు ఒలికిస్తే కసరకండి. నాలుగేళ్ళకు మా దగ్గరికి వచ్చే బిడ్డకు అలిఫ్, బే మేము నేర్పగలం. వినడం, బదులివ్వడం, పెద్దల మాట నమ్మడం మాత్రం అంతకు ముందే ఇంట్లో నేర్చుకొని రావాలి. ఆ తొలి మదర్సాకు ఉస్తాదులు ఇద్దరు.

మన సంతానాన్ని మన కన్నులకు చల్లదనంగా చేయమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.