కరవు – కొరత

లేమిని చెప్పుటకు తెలుగువారికి మాటల కరవు లేదు. ఈ వాక్యములోనే మేము చెప్పదలచిన విషయము ఇమిడియున్నది. కొరత, కొదవ, వెలితి, ఎద్దడి, కటకట – ఇవన్నియు నిత్యము మన నోట నలిగే మాటలే. అంచువరకు నిండని పాత్రకు వెలితి, నీటికి ఎద్దడి, లెక్కకు తగ్గినదానికి కొరత. వీటన్నిటికంటె బరువైనది కరవు. పాత నిఘంటువులు దీనిని బండి ఱకారముతో వ్రాసినవి. ఆ అక్షరము పోయినను బరువు పోలేదు.

పోలేదని అనుకొంటిమి గాని, కొంత పోయినదేమో!

1832–33లో, నందన సంవత్సరమున, గుంటూరు సీమలో జనము అసంఖ్యాకముగా నశించిరి. ప్రజలు దానికి 'డొక్కల కరవు' అని పేరు పెట్టిరి. ఏ పండితుడును ఇంతకంటె సూటియైన పేరు పెట్టలేడు. 1876–78లో రాయలసీమను ధాత కరవు పీడించినది. ఆనాడు సర్ రిచర్డ్ టెంపుల్ కరవుపనిలో ఒక మగమనిషికి నిర్ణయించిన కూలి రోజుకొక పౌను ధాన్యము, ఒక అణా. ఆ సంవత్సరములలోనే ఈ దేశమునుండి ధాన్యము ఓడలకెక్కినది. వానలు లేకపోవుట దైవికము కావచ్చును. గింజ పరుల పాలగుట దైవికము కాదు.

నేడు ఆ మాటనే చుట్టమును 'కరవుతీర' చూచుటకు వాడుచున్నాము. ఇది అందమైన వాడుకయే, మాకు ఆక్షేపణ లేదు. కాని ప్రభుత్వోద్యోగి జీతములో ప్రతి నెల చేరునది కూడ 'కరవు భత్యమే'! ధరలు పెరిగినందుకిచ్చు సొమ్మును ఉర్దూలో 'మహంగాయీ భత్తా' అందురు. అది నిజమునకు దగ్గర. ఈ భత్యము పుచ్చుకొనువారిలో మేమును ఉన్నాము గనుక ఇంతకంటె విమర్శింపము.

ఉర్దూలోను ఈ తారతమ్యము కలదు. ఖహత్ వేరు, ఖిల్లత్ వేరు. యోగ్యులైన మనుష్యులు కరవైనప్పుడు 'ఖహతుర్రిజాల్' అందురే గాని, అక్కడ ఖిల్లత్ అని సరిపెట్టుకొనరు. చేతిలో డబ్బాడనివాని స్థితి 'తంగ్‌దస్తీ', అనగా చేయి ఇరుకగుట.

ఇక ఇండ్లలో మాట చూడుడు. తెలుగింట బియ్యము అయిపోయినచో 'నిండుకొన్నవి' అందురు. ఉర్దూ ఇండ్లలో భోజనమైన పిదప దస్తర్‌ఖాను తీయుటను 'బఢానా' అందురు, అనగా పెంచుట. దీపమార్పుటకును అదే మాట. రెండు భాషల తల్లులును లేమిని కలిమి మాటతో కప్పిరి. వారు ఒకరినొకరు అడిగి నేర్చుకొనిరో లేదో మేమెరుగము గాని, ఆ మర్యాద ఒక్కటే.

ఆ మర్యాదయే మా తరగతిగదిలో మమ్ము పొరబాటు పడజేసినది. ఒక విద్యార్థి నెలల తరబడి పాఠ్యపుస్తకము తేక, అడిగినప్పుడెల్ల 'మరచి వచ్చితిని సార్' అనెడివాడు. మేము మతిమరపని మందలించితిమి, ఒకనాడు నిలువబెట్టితిమి కూడ. అతని ఇంట పుస్తకము 'నిండుకొన్న'దని, అసలు కొననే లేదని తెలియుటకు అర్ధసంవత్సర పరీక్షలు రావలసివచ్చెను. రెండు భాషల నానార్థములు బోధించు మాకు ఆ ఒక్క వాక్యపు అర్థము తెలియలేదు.

కమిటీవారి నివేదికలలో 'నిధుల కొరత' అను మాట తరచుగా కనిపించును. అది అబద్ధమని మేమనము. కాని కొరత లెక్కకందునది. ఎన్ని పుస్తకములు, ఎందరికి, ఎంత వెల అని వ్రాసిన పిదప దానిని పూరింపవచ్చును. లెక్క వ్రాయనంతకాలము అది కరవువలె ఆకాశమునుండి పడినట్లే తోచును.

కావున ప్రతి పాఠ్యపుస్తకమునకు కొన్ని ప్రతులు గ్రంథాలయములో వేరుగా ఉంచి, జూన్‌లో ఇచ్చి పరీక్షల పిదప తిరిగి తీసికొను ఏర్పాటు చేయవలెనని కమిటీవారిని కోరుచున్నాము. దానికి ఆదాయ ధ్రువపత్రము అడుగవలదు. తీసికొన్నవారి పేర్లు నోటీసుబోర్డుపై అంటింపవలదు.