సచ్చిన రైతుకు బీమా ఉంది, బతికున్నోనికేది?

2018ల రైతుబీమా వచ్చింది. పట్టా పాస్‌బుక్కు ఉండి, 18 నుంచి 59 ఏళ్ల వయసున్న రైతు చనిపోతే ఇంటోళ్లకు 5 లక్షలు. ఎన్ని ఎకరాలని అడగరు. ఎల్‌ఐసీకి ప్రీమియం మొత్తం సర్కారే కడ్తది. మంచి పనే, కాదనను.

మరి అదే రైతు దవాఖానల పడితే? ఆరోగ్యశ్రీని 2023 డిసెంబర్‌ల 10 లక్షలకు పెంచిన్రు. కానీ దానికి రేషన్ కార్డు కావాలంటరు. కార్డుకేమో ఊర్లల్ల ఏడాది ఆదాయం లక్షన్నర, చెల్క ఏడున్నర ఎకరాలు దాటొద్దు. మా బాసర దిక్కు ఎనిమిదెకరాల సోయా ఏసినోడు ఆ అరెకరంతోని షావుకారైండా? కోతల ముందు నాలుగు రోజులు ముసురు పడితే గింజ నల్లబడ్తది. ఆ ఏడు ఆయన ఆదాయం ఎవలు లెక్క కట్టిన్రు?

ప్రైవేటు పాలసీ తీస్కోమంటరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దానిమీద 18 శాతం జీఎస్టీ తీసేసిన్రు, సరే. అసలు ప్రీమియం సంగతేంది? వయసు పెరిగినకొద్ది అదీ పెరుగుతది. సోయా ధర అట్ల పెరుగుతదా?

మేం ఫుకట్‌గ అడుగుతలేం. గీత దాటినోన్ని ఒక్కపారే బయటికి నూకకుండ్రి. ఆదాయాన్ని బట్టి ప్రీమియంల ముప్పావలానో, సగమో, పావలానో సర్కారు కట్టాలె. మిగిలింది మేం కడ్తం. కిస్తు మాత్రం సోయా అమ్మినంక, దీపావళి దాటినంక పెట్టుండ్రి. జూన్‌ల ఇత్తనాలకే పైసలుండయి.